డ్రెయిన్ క్లీనింగ్ సర్వీసు రివ్యూ: నీళ్లు దిగడం వేరు, పైపు శుభ్రం కావడం వేరు

డ్రైనేజీ బాగుచేయించుకున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "ఆ రోజు బాగానే పోయింది, నెల తిరక్కముందే మళ్లీ మొదలైంది." పనివాళ్లు మోసం చేశారేమోనన్న అనుమానం వెంటనే వస్తుంది. చాలాసార్లు జరిగేది మోసం కాదు, సగం పని. పూడికలో చిన్న బొక్క పడితే చాలు, నిలిచిన నీళ్లు దిగిపోతాయి. ఆ బొక్క చుట్టూ పైపు గోడకు పట్టిన జిడ్డు, పాచి, వేర్లు అలాగే ఉంటాయి. 100 మి.మీ. పైపులో 30 మి.మీ. దారి దొరికినా సింకు నీళ్లు చక్కగా పోతున్నట్టే కనిపిస్తాయి. అందుకే ఈ సర్వీసును ఇక్కడ రెండే ప్రశ్నలతో తూస్తున్నాం: పైపు నిజంగా శుభ్రమైందా? ఎందుకు పూడిందో ఇంటివాళ్లకు తెలిసిందా?

అసలు పిలవక్కర్లేని సందర్భాలు ముందు చెప్పాలి. ఒక్క వాష్‌బేసినో ఒక్క సింకో నిదానంగా దిగుతుంటే ఆ పని ఇంట్లోనే అయిపోతుంది. కింద బకెట్ పెట్టి, ట్రాప్ (కొంచెం నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే వంపు పైపు) నట్లు చేత్తో విప్పి, లోపలి గసి కడిగి, రబ్బరు వాషర్ ఎటు తిరిగి ఉందో చూసుకుని అలాగే బిగించాలి. వాషర్ తిరగబడితే చుక్కచుక్కగా కారుతుంది. ప్లంజర్ వాడేటప్పుడు బేసిన్ ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని తడిగుడ్డతో మూయకపోతే ఒత్తిడంతా అక్కణ్నుంచే తప్పించుకుంటుంది. జంట సింకయితే రెండో దాని నోటికీ గుడ్డ కుక్కాలి. రబ్బరు కప్పు మునిగేంత నీళ్లుండాలి, 15-20 సార్లు ఆగకుండా నొక్కి లాగాలి. ఇక ఎక్కడా నీళ్లు నిలవకుండా వాసన మాత్రమే వస్తుంటే, వాడకం లేని బాత్రూంలో ట్రాప్ ఎండిపోయి ఉండవచ్చు. ట్రాప్‌లో కనీసం 50 మి.మీ. నీరు నిలిచి ఉంటేనే మురుగు గ్యాస్ ఇంట్లోకి రాదు. ఒక చెంబెడు నీళ్లు పోస్తే తీరే సమస్యకు మెషీన్ అక్కర్లేదు.

తప్పకుండా పిలవాల్సిన గుర్తులు వేరు. రెండు మూడు చోట్ల ఒకేసారి నీళ్లు నిలవడం, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు కమోడ్‌లో బుడగలు రావడం, పై అంతస్తులో స్నానం చేస్తే కింది ఫ్లోర్ ట్రాప్ నుంచి మురుగు ఎదురు తన్నడం, ఇవన్నీ మెయిన్ లైను పూడిందని చెబుతాయి. నీరు పల్లమెరుగు కదా, ఇంట్లో అన్నిటికన్నా పల్లాన ఏ నోరు ఉందో మురుగు అక్కడే బయటపడుతుంది. ఆ క్షణంలో చేయాల్సిన పని పైన కుళాయిలన్నీ కట్టేయడం. ఎందుకంటే పైన వాడే ప్రతి బకెట్ నీళ్లూ కింద నేల మీదికే వస్తాయి.

మంచి సర్వీసో కాదో ఫోన్ మీదే చాలావరకు తెలిసిపోతుంది. అవతలివాళ్లు అడిగే ప్రశ్నలను గమనించాలి. ఒక్కచోటేనా, ఇల్లంతానా? వాన పడినప్పుడే వస్తోందా? ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది? మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోతుందా, వీధి లైనులోకి పోతుందా? చాంబరు (ఇంటి మురుగు పైపులు కలిసే తొట్టి) మూత గానీ క్లీన్‌అవుట్ (పైపు శుభ్రం చేయడానికి వదిలిన మూత ఉన్న నోరు) గానీ ఎక్కడుంది? ఏమైనా మందు పోశారా? ఈ చివరి ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. పైపులో నిలిచిన యాసిడ్ నీళ్లను మెషీన్‌తో తిరిగే స్ప్రింగు చిమ్మితే పనివాడి కళ్లు పోవచ్చు. పోసి ఉంటే అడగకపోయినా ఇంటివాళ్లే చెప్పాలి. ఈ ప్రశ్నలేవీ లేకుండా "వచ్చి చూస్తాం" అని మాత్రమే అనేవాళ్ల దగ్గర సాధారణంగా ఒకటే మెషీన్ ఉంటుంది, ఏ జబ్బుకైనా అదే మందు వేస్తారు.

ఇంటి పైపుల పరిస్థితి తెలియకుండా పద్ధతి ఎంచుకోవడం కుదరదు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు కూడా వైద్యం వేరు కావచ్చు. పోత ఇనుప పైపు లోపల తుప్పు బుడిపెలు కట్టి సందు సన్నబడుతుంది, వాటికి జిడ్డు, దారాలు, వెంట్రుకలు చిక్కుకుంటాయి. అదే పైపు అడుగుభాగం దశాబ్దాల తరబడి నీళ్లు పారి పల్చబడి ఉంటుంది. స్టోన్‌వేర్ మట్టి పైపు తుప్పు పట్టదు గానీ పొట్టి ముక్కలుగా వస్తుంది, ప్రతి జాయింటూ వేర్లకు ఒక తలుపు. పీవీసీ లోపలి గోడ నున్నగా ఉంటుంది. అందులో అడ్డం పడిందంటే వాలు తప్పయినా అయ్యుంటుంది, జాయింటు దగ్గర జిగురు ముద్దలైనా అయ్యుంటుంది, పడరానిది ఏదో పడైనా ఉంటుంది. తారు కలిపిన నారతో చేసిన పాతకాలపు పిచ్ ఫైబర్ పైపులు కొన్ని దేశాల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అవి పొరలు పొరలుగా ఉబ్బి, మట్టి బరువుకు కోడిగుడ్డులా అణిగిపోతాయి. అలాంటి పైపులో కట్టర్ దింపితే పైపే చీలికలై బయటికొస్తుంది. కాంక్రీటు పైపులో ఇంకో చిక్కుంది. మురుగు నుంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ తడి గోడ మీది బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి, పైపు కప్పుభాగాన్ని తినేస్తుంది.

నీటి గుణం కూడా లెక్కలోకి రావాలి. కఠిన జలం ఉన్నచోట సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా గోడకు పట్టుకుంటుంది. వంటింటి కొవ్వు విడిపోయి ఏర్పడే ఆమ్లాలు కూడా కాల్షియంతో చేరి సబ్బురాయిలా గట్టిపడతాయి. వేడినీళ్లు పోస్తే కరిగిపోతుందనుకునే జిడ్డు నిజానికి ఈ దశ దాటితే కరగదు. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ మురుగు కాలువలో బయటపడిన 250 మీటర్ల, 130 టన్నుల ముద్ద ఇలా పేరుకున్న కొవ్వూ తడి వైప్స్ కలిసి గట్టిపడినదే. ఇంటి పైపులో దానికి చిన్న తమ్ముళ్లు తయారవుతుంటాయి. ప్యాకెట్ మీద "ఫ్లష్ చేయవచ్చు" అని ఉన్నా చాలా వైప్స్ టాయిలెట్ కాగితంలా విడిపోవు, జాయింటు అంచుకు తగులుకుని జల్లెడలా మారతాయి.

ఇంకా మట్టి, చెట్లు, వాలు ఉన్నాయి. నల్లరేగడి లాంటి ఉబ్బి కుంగే నేలల్లో పైపు మధ్యలో దిగబడి కడుపులా వంగుతుంది. ఆ గుంటలో ఎప్పుడూ నీళ్లు నిలుస్తాయి, గసి అక్కడే కూర్చుంటుంది. 50 మి.మీ. పైపుకు మీటరుకు సుమారు 20 మి.మీ., 100 మి.మీ. పైపుకు మీటరుకు సుమారు 10 మి.మీ. వాలు ఉండాలి. వాలు చాలనప్పుడు ఎంత మంచి క్లీనింగైనా కొద్ది నెలల ముచ్చటే. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో ట్యాంకు నిండిపోయినా అచ్చం పైపు జామ్ అయినట్టే ఉంటుంది. కాబట్టి మెషీన్ దించేముందు ట్యాంకు మూత తీసి మట్టం చూడాలి. నీళ్లు లోపలికొచ్చే పైపు పైదాకా ఉంటే పిలవాల్సింది ట్యాంకర్‌ను.

ఇక పద్ధతుల విషయం. అందరి దగ్గరా ఉండేది స్ప్రింగు మెషీన్, అంటే ఇనుప కేబుల్‌ను మోటారుతో తిప్పుతూ పైపులోకి పంపేది. దీని బలం గట్టి అడ్డాలను ఛేదించడంలో ఉంది: వేర్లు, గుడ్డలు, వెంట్రుకల ఉండలు. కేబుల్ మందం పైపుకు తగ్గట్టుండాలి. 32-50 మి.మీ. సింకు లైన్లకు 6 నుంచి 8 మి.మీ. కేబుల్, 75 మి.మీ. వరకు 10 మి.మీ., 100 మి.మీ. మెయిన్ లైనుకు 16 నుంచి 19 మి.మీ. సన్న కేబుల్‌ను పెద్ద పైపులోకి పంపితే లోపలే చుట్టలు చుట్టుకుని ముడిపడుతుంది, బయటికి రాదు. లావు కేబుల్ చిన్న వంపులో ఇరుక్కుని ట్రాప్‌ను పగలగొడుతుంది. కమోడ్‌కు ఇవేవీ కావు, దానికి రబ్బరు తొడుగు ఉన్న మీటరు పొడవు క్లోజెట్ ఆగర్ వేరే ఉంటుంది. ఉత్త స్ప్రింగు దింపితే పింగాణీ మీద నల్లటి గీతలు పడి ఓ పట్టాన పోవు.

కేబుల్ చివర తగిలించే తల మీదే పనంతా ఆధారపడి ఉంటుంది, ఇంటివాళ్లు తప్పక చూడాల్సింది అదే. మొదట బల్లెం ఆకారపు తల వేసి దారి చేస్తారు. దాన్ని వెనక్కి లాగి, మొనకు ఏం అంటుకుందో చూస్తారు: జిడ్డా, వేరా, గుడ్డా, మట్టా. మట్టి వచ్చిందంటే పైపు ఎక్కడో పగిలింది. ఆ తర్వాతే తగిన తల వేయాలి. గుడ్డలకు కొక్కెం, జిడ్డుకు సీ ఆకారపు బ్లేడు, వేర్లకు రంపపు పళ్ల కట్టర్. 100 మి.మీ. పైపుకు కట్టర్ కూడా ఆ వ్యాసానికి దగ్గరగా ఉండాలి. మొదటి తలతోనే నీళ్లు దిగాయని మెషీన్ సర్దేసేవాళ్లు చేసింది పై పేరాల్లో చెప్పిన ఆ 30 మి.మీ. బొక్క. ఈ పద్ధతికి మా మార్కులు: అత్యవసరంలో మంచిది, జిడ్డు పైపుకు చాలదు. తిరిగే కేబుల్ మెత్తటి జిడ్డులోంచి దూసుకెళ్తుంది, వెనక్కి రాగానే జిడ్డు మళ్లీ కలిసిపోతుంది.

జిడ్డుకు, గసికి, సబ్బు తెట్టుకు సరైనది జెట్టింగ్. గొట్టం చివర నాజిల్ ఉంటుంది, దాని వెనక రంధ్రాల నుంచి వెనక్కి చిమ్మే నీటిధారలే గొట్టాన్ని ముందుకు లాగుతాయి, గోడను గీకుతాయి, చెత్తను వెనక్కి తోస్తాయి. ముందు రంధ్రం అడ్డాన్ని పొడుస్తుంది. ఇక్కడ చాలామంది ఒత్తిడి అంకెనే చూస్తారు, అది సగమే. ఒత్తిడి కోస్తుంది, నీటి పరిమాణం మోసుకెళ్తుంది. చిన్న కరెంటు జెట్టర్ 1,500 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర నిమిషానికి 6-8 లీటర్లు ఇస్తుంది, సింకు లైన్లకు అది సరిపోతుంది. 100-150 మి.మీ. మెయిన్ లైనుకు 3,000-4,000 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి 45-70 లీటర్లు కావాలి. కారు కడిగే ప్రెషర్ వాషర్‌కు గొట్టం తగిలించి మెయిన్ లైను జెట్టింగ్ అని చెప్పేవాళ్లను నమ్మకూడదు. దానిలో ఒత్తిడి ఉంటుంది గానీ నీళ్లు చాలవు, ఊడిన జిడ్డు నాలుగు మీటర్ల అవతల మళ్లీ కూర్చుంటుంది.

పని చేసే తీరు చూసినా నేర్పు తెలుస్తుంది. పైపు నిండా నీళ్లు నిలిచి ఉంటే ముందు కేబుల్‌తో దారి చేసి నీటిని దించి, ఆ తర్వాత జెట్ వేస్తారు. వీలైతే పల్లపు చాంబరు నుంచి ఎగువకు గొట్టం పంపి, నిదానంగా వెనక్కి లాగుతారు. శుభ్రత జరిగేది ఆ వెనక్కి లాగేటప్పుడే. వేగంగా లాగేస్తే గోడ మీద చారలు మిగులుతాయి. చాంబరులోకి వచ్చే నీళ్లు తేటపడేదాకా రెండు మూడు సార్లు తిప్పాలి, ఊడిపడిన ముద్దలను చాంబరులోనే పట్టి తీసేయాలి, లేకపోతే అవి వీధి లైనులో అడ్డం పడతాయి. నాజిల్ పైపులో మీటరైనా లోపలికి వెళ్లాకే పంపు వేయాలి. గొట్టం చివర్న రంగు టేపు చుట్టి ఉంటుంది, అది కనబడగానే పంపు కట్టేయాలి. బయట విడిచిన నాజిల్ పాములా కొట్టుకుంటుంది, ఆ ధార చర్మంలోకి దిగితే గాయం పైకి చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంట్లో కమోడ్ మూతలన్నీ వేసి, ఫ్లోర్ ట్రాప్‌ల మీద తడిగుడ్డలు పరచాలి. పక్క లైను దాటేటప్పుడు ఒత్తిడి గాలి ట్రాప్ నీళ్లను పైకి చిమ్ముతుంది.

జెట్టింగ్ ఎక్కడ కూడదో చెప్పని సర్వీసుకు మార్కులు తగ్గిస్తాం. అడుగు తినేసిన పోత ఇనుప పైపులో, కూలిన మట్టి పైపులో పెద్ద జెట్ వేస్తే కింది మట్టి కొట్టుకుపోయి నేల కుంగుతుంది. పాత పైపయితే ముందు తక్కువ ఒత్తిడితో కడిగి, కెమెరాతో చూసి, ఆపైన పెంచాలి.

ఆ కెమెరాయే ఈ సర్వీసు మొత్తంలో విలువైన భాగం అన్నది మా గట్టి అభిప్రాయం. మురికినీళ్లలో లెన్సుకు ఏమీ కనబడదు, కాబట్టి చూపించాల్సింది కడిగిన తర్వాత. కుళాయిలన్నీ కట్టి ఉన్నా కెమెరా ముందుకెళ్లేకొద్దీ నీటిమట్టం లెన్సు పైకి లేచి, కొంతదూరం పోయాక మళ్లీ తగ్గితే అది కుంగిన పైపు. గీతలా వచ్చే అంచు అంటే పక్కకు జరిగిన జాయింటు. కప్పు నుంచి వేలాడే దారాలు వేర్లు. తెర మీద మీటర్ల లెక్క కనబడుతుండాలి. కెమెరా తలలో 512 హెర్ట్జ్ సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్ ఉంటే, పైన నేల మీద రిసీవర్‌తో సరిగ్గా ఆ చోటు పట్టుకుని, లోతుతో సహా గుర్తు పెట్టవచ్చు. వీడియో ఫైలు ఇంటివాళ్లకు ఇచ్చి తీరాలి. "పైపు మొత్తం మార్చాలి" అన్న మాట వచ్చినప్పుడు ఆ వీడియో పట్టుకుని ఇంకొకరి అభిప్రాయం అడగవచ్చు. ఫైలు ఇవ్వనంటే ఆ మార్పు పనికి ఒప్పుకోవద్దు. లోపల రెజిన్ (గట్టిపడే జిగురు) గొట్టం పరిచే లైనింగ్ గురించి చెబితే ఒకటి గుర్తుంచుకోవాలి: పగుళ్లకు, వేర్లకు అది బాగా పనికొస్తుంది, కుంగిన పైపును మాత్రం లేపలేదు. గుంటలో పరిచిన లైనింగ్ గుంటలాగే ఉంటుంది.

మందుల గురించి క్లుప్తంగా. కాస్టిక్ సోడా వెంట్రుకలను, కొంత జిడ్డును తింటుంది గానీ పూర్తిగా నిలిచిన పైపులో అడ్డం దాకా చేరదు, మధ్యలోనే గట్టిపడి ఇంకో అడ్డమవుతుంది. దాని వేడికి పీవీసీ మెత్తబడుతుంది, ఆ పైపు నిరంతరం తట్టుకునే హద్దు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అల్యూమినియంకు తగిలితే హైడ్రోజన్ వెలువడుతుంది. యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాంతకం. వంటసోడా, వెనిగర్ నురగ చూడముచ్చటగా ఉంటుంది, మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు, జిడ్డు ఎక్కడిదక్కడే. ఎంజైము, బ్యాక్టీరియా మందులు శుభ్రమైన పైపులో జిడ్డు మళ్లీ పేరుకోకుండా కొంత ఆపుతాయి. రాత్రి చివరి వాడకం తర్వాత పోసి, తెల్లవారేదాకా నీళ్లు వదలకుండా ఉంటేనే ఫలితం. పూడిపోయిన పైపు మీద వాటిని వాడటం వృథా.

ఒక విషయంలో మాత్రం రాజీ లేదు. ఎంత పెద్ద సర్వీసయినా మనిషిని మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో దించుతానంటే ఆ పని అక్కడే ఆపించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దాటేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. అంటే వాసన తగ్గిందని లోపలికి వంగేవేళకే ప్రమాదం ముదిరి ఉంటుంది. ఒకరు పడిపోతే లాగబోయిన రెండోవారూ పడిపోతారు. పైన చెప్పిన కేబుల్, జెట్, కెమెరా అన్నీ నేల మీద నిలబడి చేసే పనులే, ఇంటి లైను కోసం లోపలికి దిగాల్సిన అవసరమే లేదు.

చెల్లింపుకు ముందు చేయించాల్సిన పరీక్ష పావుగంటలో అయిపోతుంది. సింకులన్నీ మూతిదాకా నింపి ఒక్కసారి వదలాలి, అదే సమయంలో కమోడ్‌లు వరుసగా ఫ్లష్ చేయాలి, చాంబరు దగ్గర ఒకరు నిలబడి చూడాలి. నీళ్లు ఒకే ఊపున వచ్చి, వదిలేశాక చాంబరు అడుగు ఖాళీగా కనబడాలి. గుడగుడ శబ్దం ఇంకా వస్తే పైకప్పు మీది వెంట్ పైపు (డ్రైనేజీలోకి గాలి ఆడే పైపు) నోరు చూడమనాలి, ఆకులైనా పక్షిగూడైనా అడ్డుండవచ్చు. కమోడ్ ఊడదీసి పని చేసి ఉంటే కింద సీలు కొత్తది వేయించాలి, నలిగిన పాత సీలు మళ్లీ పట్టదు. రసీదు మీద ఏ తల వాడారు, ఎన్ని మీటర్లు వెళ్లింది, ఏం బయటికొచ్చింది, ఎన్నో మీటరు దగ్గర లోపం ఉంది అన్నవి రాయించుకోవాలి. గ్యారంటీ ఎన్ని రోజులని కాకుండా, ఏ లైనుకు ఏ కారణానికి అని అడగాలి. వేర్లు కోసిన పైపులో ఏడాది రెండేళ్లలో అవి మళ్లీ వస్తాయి కాబట్టి, మొదటిసారి కోసిన తేదీ ఆ రసీదులో ఉంటే రెండోసారి నీళ్లు ఎదురు తన్నకముందే కట్టర్ దించవచ్చు.